వకీలు సస్పెండైతే కేసు సస్పెండు కాదు!

బి.కొత్తకోట చుట్టుపక్కల పల్లెల్లో మనవాళ్ల కేసులు దేనివి? డి.కె.టి. పట్టా భూమివి, దారివి, కొట్లాటవి. వాయిదా వచ్చిందంటే సద్ది కట్టుకొని మదనపల్లె బస్సెక్కాల. ఆ దినం కూలి పోయినట్లే. సాయంత్రం దాకా కోర్టు వరండాలో నిలబడితే గుమాస్తా వచ్చి ‘వాయిదా పడింది, పొండి’ అంటాడు. ఇది మనకు అలవాటైపోయింది. కానీ ఒక దినం ‘మీ వకీలును సస్పెండు చేసినారంట, ఇంక కోర్టుకు రాకూడదంట’ అని తెలిస్తే? చాలామంది అక్కడే కూలబడతారు. ‘ఇంక మన భూమి పోయినట్లే’ అని ఇంటిదోవ పడతారు. అవతల మోతుబరికి కావలసింది అదే!

అన్నలారా, అక్కలారా! సస్పెండైంది వకీలు, మీ కేసు కాదు. 1961 నాటి అడ్వకేట్ల చట్టం 35వ సెక్షన్ ప్రకారం తప్పు చేసిన వకీలును బార్ కౌన్సిల్ మందలించవచ్చు, కొంతకాలం సస్పెండు చేయవచ్చు, పేరే కొట్టేయవచ్చు. సస్పెన్షన్ కాలంలో ఆయన దేశంలో ఏ కోర్టులోనూ వాదించకూడదు. ఆయన పైకి అప్పీలుకు పోతే అది ఆయన సంగతి. మీ వాయిదా దానికోసం ఆగదు. మరి ఏం చేయాల?

ఒకటి: వాయిదా నాడు మీరే కోర్టులో నిలబడండి. పేరు పిలిస్తే చేతులు జోడించి ‘అయ్యా, మా వకీలు సస్పెండైనాడు, ఇంకొకర్ని పెట్టుకోవడానికి గడువియ్యండి’ అని చెప్పండి. రాసిచ్చుకుంటే ఇంకా మంచిది. మన కేసులో మనం మాట్లాడుకునే హక్కు మనకుంది.

రెండు: కాగితాలు వెనక్కి తీసుకోండి. ‘ఫీజు బాకీ ఉంది, కట్టందే కట్ట ఇవ్వను’ అంటే భయపడొద్దు. ఫీజు కోసం క్లయింటు ఫైలు పట్టిపెట్టుకునే హక్కు వకీలుకు లేదని సక్సేనా కేసులో 2000లోనే సుప్రీంకోర్టు తేల్చింది. ఫైలు దొరక్కపోయినా కోర్టు రికార్డు నుంచి నకళ్లు తీసుకోవచ్చు.

మూడు: పాత వకాల్తా రద్దు చేస్తున్నామని కోర్టుకు రాసిచ్చి కొత్త వకీలుతో కొత్త వకాల్తా వేయించండి. ‘నా జూనియర్ సంతకం పెడతాడు, వెనక నేనే చూసుకుంటాలే’ అంటే నమ్మొద్దు. సస్పెన్షన్‌లో ఉండి ప్రాక్టీసు చేస్తే 45వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు ఉంది.

నాలుగు: కొత్త వకీలుకు డబ్బుల్లేవా? 1987 నాటి న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఎస్సీ, ఎస్టీలకూ ఆడవాళ్లకూ ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాల. ఇది దయ కాదు, హక్కు! కోర్టు దగ్గరి న్యాయసేవల కమిటీలో అర్జీ పెట్టండి. 15100 నంబరుకు ఫోను చేయండి. అట్రాసిటీ కేసైతే నడిపేది ప్రభుత్వ ప్రాసిక్యూటరే కాబట్టి మీ సొంత వకీలు లేడని ఆ కేసు ఆగిపోదు.

ఐదు: వకీలు రాలేదని కేసు కొట్టేసినా, ఎక్స్‌పార్టీ డిక్రీ ఇచ్చినా అంతా అయిపోలేదు. 30 దినాల్లోపల మళ్లీ తెరవమని పిటిషన్ వేయాల. ఆలస్యమైతే కారణం చూపించి మన్నించమని అడగాల. వకీలు తప్పుకు అమాయకుడైన కక్షిదారు నష్టపోకూడదని 1981లో రఫీక్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అట్లని ప్రతిసారీ మన్నిస్తారని ఊరికే కూర్చోవద్దు.

ఇక డబ్బు తిన్న వకీలు మాట. 2024లో సుప్రీంకోర్టు వకీళ్లు వినియోగదారుల చట్టం కిందికి రారని చెప్పింది కాబట్టి కన్స్యూమర్ కోర్టు దోవ మూసుకుపోయింది. కానీ బార్ కౌన్సిల్ దోవ ఉంది. గుంటూరు వకీలొకరు క్లయింటుకు రావలసిన డిక్రీ డబ్బు 14,600 రూపాయలు తీసుకొని ఇవ్వలేదు. ఆంధ్రప్రదేశ్ బార్ కౌన్సిల్ అతని పేరు కొట్టేసింది. ఢిల్లీలో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఆ శిక్షను తీసేసింది. మన బార్ కౌన్సిల్ ఊరుకోక సుప్రీంకోర్టు దాకా పోయి 2002లో గెలిచింది. 14,600 పెద్దోళ్లకు చిల్లర కావచ్చు. కూలోడికి అది బతుకు!

అసలు లోపం ఎక్కడుందో మనల్ని మనమే అడుక్కోవాల. మన కేసు నంబరు మనకెందుకు తెలీదు? వేలిముద్ర వేసిన కాగితంలో ఏముందో ఎందుకడగలేదు? చదువు దక్కనియ్యని కులమే మనల్ని వకీలు గుమాస్తా ముందర కూడా చేతులు కట్టుకొని నిలబెట్టింది. హైకోర్టు వకీలు బొజ్జా తారకం గారు ‘పోలీసులు అరెస్టు చేస్తే’ పుస్తకం రాసింది చట్టం జనం చేతికి రావాలనే.

కాబట్టి కార్యకర్తలకు ఒక పని. ప్రతి పల్లెలో ఒక నోటుబుక్కు పెట్టండి. ఎవరి కేసు, ఏ కోర్టు, నంబరెంత, వచ్చే వాయిదా ఎప్పుడు అని రాయండి. 16 అక్షరాలూ అంకెలూ ఉండే సి.ఎన్.ఆర్. నంబరు రాసిపెట్టుకుంటే చదువుకున్న పిల్లోడు సెల్‌ఫోనులోనే వాయిదా చూసి చెప్తాడు. ప్రతి కాగితానికీ జిరాక్సు, కట్టిన ప్రతి రూపాయికీ రసీదు ఉంచుకోండి. వాయిదాకు ముసలామె ఒక్కతే పోవద్దు, తోడు పోండి.

వకీళ్లు వస్తారు, పోతారు. భూమి మనది, కేసు మనది. కాగితం కూడా మన చేతిలోనే ఉండాల!

జై భీం!