నికొటిను లేదట!

మన తాతల చుట్ట ఆమడ దూరమునుండియే తన కంపును చాటుకొనెడిది. నేటి విద్యుత్ సిగరెట్టునకు ఆపాటి నిజాయితీయైనను లేదు. కలమువలె నుండును, మామిడిపండు వాసన వేయును, "ఇందు నికొటిను లేదు, వట్టి ఆవిరి" యని పలుకును. కంపు లేదు గనుక తల్లికి తెలియదు. నికొటిను లేదన్నారు గనుక బిడ్డకు భయము లేదు. ఈ రెండే వర్తకుని పెట్టుబడి.

నికొటిను లేనిది నిర్దోషమని వాదించువారు శాసనమును చదివిరా? 2019లో పార్లమెంటు చేసిన నిషేధ చట్టము, నికొటిను ఉన్నను లేకున్నను, పదార్థమును కాచి ఆవిరిగా పీల్పించు పరికరములనెల్ల ఒక్క నిర్వచనమున చేర్చినది. తయారీ, దిగుమతి, అమ్మకము, ప్రకటన అన్నియు నేరములే. మొదటి తప్పునకు ఏడాదివరకు ఖైదు, లక్ష రూపాయలవరకు జరిమానా, లేక రెండును. పీల్చుటను మాత్రము ఆ చట్టము నేరముగ పేర్కొనలేదు. దాని గురి వర్తకునిపైననే గాని బాలునిపైన గాదు.

ఇది అతియందురా? 2009లో అమెరికా ఆహార, ఔషధ శాఖవారు పరీక్షింపగా, "నికొటిను లేదు" అను చీటీగల గొట్టములలో ఒక్కటి తప్ప తక్కినవన్నియు నికొటిను గలవియే యని తేలెను. బహిరంగముగ అమ్మిన సరకే యిట్లుండగా, దొంగచాటున వచ్చు సరకునకు పూచీ యెవరు?

పోనిండు, చీటీ సత్యమే యనుకొందము. గ్లిసరిను, ప్రోపిలీన్ గ్లైకాల్ మిక్కిలి కాగినపుడు ఫార్మాల్డిహైడు, అక్రోలిను అను విషములు పుట్టును. వెన్నవాసన నిచ్చు డైఅసిటైలు, కొన్ని ఆవిరి ద్రవములందును కానవచ్చినదే, అమెరికాలోని మిస్సౌరీలో మొక్కజొన్న పేలాల కార్ఖానా కూలీల ఊపిరితిత్తులను చెరచినట్లు 2000లో బయటపడెను. తినదగినదెల్ల పీల్చదగినదగునా? నీరు త్రాగుదుము, ఊపిరితో పీల్చుదుమా?

పెద్దలు సిగరెట్టు మానుటకిది సాధనమందురు. మానుటకు ఎక్కువగా తోడ్పడినట్లు పరిశోధనలలో తేలినవి నికొటిను గల పరికరములే. లేనివి వానికి సాటిరాలేదు. కాగా నికొటినులేని యీ సరకునకు మిగిలిన ప్రయోజనమేమి? ఎన్నడును పొగ త్రాగని బిడ్డకు పొగవిడుచు అభ్యాసము నేర్పుటయే!

తలిదండ్రులారా, ఉపాధ్యాయులారా! బిడ్డను దండింపకుడు, సరకు ఎచ్చట దొరకెనో అనునయముగ నడిగి, ఆ అంగడిని అధికారులకు జూపుడు. యువకులారా! మీ ఊపిరి అంగడి సరకు గాదు, దానిని అమ్ముకొనకుడు.