రాగాలు తీసేది ఎవరు?

“రాగాలు తియ్యకు” అన్న తిట్టు తెలుగులో ఎక్కువగా ఆడవాళ్ళకే. అదే రాగం వేదికెక్కితే శాలువా కప్పుతారు. తేడా స్వరంలో ఉందా, ఆ స్వరం ఎవరిదన్న దాంట్లో ఉందా?

పూండి స్టేషన్‌లో దిగి ఉద్దానం ఊళ్ళలోకి వెళ్ళండి. “ఓలమ్మ” అన్న ఒక్క మాట ఎన్ని పనులు చేస్తుందో వినండి. చివర పైకి లేపితే ఆశ్చర్యం, కిందికి జార్చి సాగదీస్తే దుఃఖం, టక్కున తెంపేస్తే వెటకారం. అక్షరాలవే, అర్థాలు వేరు. దీన్నే మన లాక్షణికులు కాకువు అన్నారు. భరతుడి నాట్యశాస్త్రం దానికి సాకాంక్ష, నిరాకాంక్ష అని భేదాలు కూడా చెప్పింది. నటుడి నోట శాస్త్రమైనది పలాసలో జీడిపప్పు వలిచే ఆమె నోట ‘సాగతీత’ ఎందుకయింది?

చావింట్లో శోకాన్నే తీసుకోండి. పోయినవాడు ఏం చేశాడో, ఏం చెయ్యలేదో, ఏ చుట్టం మొహం చాటేశాడో ఆమె రాగంలో పెట్టి చెబుతుంది. మామూలు గొంతుతో అంటే ఇంట్లో గొడవయ్యే మాటలవి. రాగం ఉంది కాబట్టే అనగలుగుతోంది. దాన్ని ‘శోకాలు పెట్టడం’ అని కొట్టిపారేస్తే పోయేది పాట ఒక్కటే కాదు, ఆమె ఫిర్యాదు కూడా.

శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి వాడుక భాష కోసం జీవితమంతా పోరాడారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. పోరాటం గెలిచింది. కానీ బళ్ళోకీ పుస్తకంలోకీ వచ్చింది శిష్టుల వాడుక. ఉద్దానం ఆడవాళ్ళ వాడుక గుమ్మం బయటే నిలబడింది.

మనమేం తక్కువ చేశాం? మన కథల్లో ఎన్నిటిలో పనిమనిషి “ఏటి”, “నాను” అంటుంది, కథ చెప్పే గొంతు మాత్రం శిష్టంగా ఉంటుంది! ఆమెకు ఏడవడానికీ నవ్వించడానికీ యాస ఇచ్చాం, ఆలోచించడానికి ఇవ్వలేదు. శోకాలు సేకరించినప్పుడు మాటలు రాసుకుని రాగాన్ని వదిలేసి వచ్చాం. మాటలు మాత్రమే అచ్చయితే సగం అర్థం ఆ ఊళ్ళోనే ఉండిపోయినట్టు.

ఇకనైనా రాగంతో సహా రికార్డు చేద్దాం. ఆమె ఒప్పుకుంటే పేరు రాద్దాం. ఉద్దానం నుంచి వచ్చిన పరిశోధక విద్యార్థిని సదస్సులో పత్రం చదువుతుంటే “కాస్త యాస తగ్గించుకోమ్మా” అనడం మానేద్దాం. ఆ అమ్మాయి తన గొంతుతోనే వాదిస్తుంది. వినడం మనం నేర్చుకోవాలి.