గేరు సైకిలు కావాలా? ముందు పళ్లు లెక్కపెడదాం!

మా హాస్టల్ షెడ్డులో ఒక గేరు సైకిలు ఏడాదిగా మూలన పడి ఉంది. అది మాలో ఒకడిది. ఇంటర్లో చేరినప్పుడు వాళ్లమ్మ చెవి కమ్మలు తాకట్టు పెట్టి కొనిపెట్టింది. అంతకుముందు వాడు తొక్కిన వాళ్ల నాన్న పాత సైకిలును చూసి "డొక్కు బండి" అని నవ్వింది మేమే. కొన్న మూడు నెలలకే వెనక చైను మార్చే భాగం వంగిపోయింది. షాపు ఆయన "ఈ సామాను మన దగ్గర దొరకదు బాబూ" అన్నాడు. ఇప్పుడు వాడు కాలేజీకి నడిచి వెళ్తున్నాడు. మొదటి పీరియడ్ తరచూ పోతోంది. ఆ తప్పులో మాకూ వాటా ఉంది కనుకే ఈ నాలుగు మాటలు.

మిత్రులారా! గేరు అంటే ఇంజను కాదు, వట్టి లెక్క. పెడల్ దగ్గర ఉన్న పెద్ద చక్రం పళ్లను వెనక ఫ్రీవీల్ పళ్లతో భాగించండి. ఉదాహరణకు ముందు 44, వెనక 18 ఉంటే పెడల్ ఒక చుట్టు తిరిగేసరికి వెనక చక్రం 2.44 చుట్లు తిరుగుతుంది. మన 28 అంగుళాల చక్రం చుట్టుకొలత సుమారు 2.2 మీటర్లు. అంటే సైకిలు దాదాపు 5.4 మీటర్లు ముందుకు పోతుంది. వెనక 22 పళ్లు ఉంటే 4.4 మీటర్లే పోతుంది, కానీ కాలికి బరువు తగ్గుతుంది. 14 పళ్లయితే దాదాపు 7 మీటర్లు పోతుంది, మోకాళ్లు మాత్రం పట్టేస్తాయి.

గేరు సైకిల్లో జరిగేదీ ఇదే. చైను ఒక పళ్లచక్రం మీద నుంచి ఇంకోదాని మీదకు మారుతుంది. ముందు 3, వెనక 7 ఉంటే 21 గేర్లంటారు. వాటిలో చాలావరకు ఒకదానికొకటి దగ్గరగానే ఉంటాయి. ముందూ వెనకా రెండూ పెద్దవి గానీ, రెండూ చిన్నవి గానీ కలిపితే చైను ఏటవాలుగా లాగి త్వరగా అరుగుతుంది. ఏ గేరూ బలాన్ని పుట్టించదు. బస్తా బియ్యాన్ని రెండు దఫాలుగా మోసినట్టు, బరువు తగ్గుతుంది, తిరగడం పెరుగుతుంది.

ఇక మన దారుల సంగతి చూద్దాం. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక డెల్టా అంతా కాలువలే. మనం తొక్కే దారుల్లో చాలా భాగం కాలువ గట్లే. నీరు మెల్లగా పారే వాలు తప్ప ఆ గట్లకు ఎత్తుపల్లాలు ఎక్కడివి?

గేర్లు దండగ అని మేము అనడం లేదు. మారేడుమిల్లి ఘాట్ రోడ్డు ఎక్కేవాళ్లకు అవి కావాల్సిందే. మనకు కష్టమల్లా కొవ్వూరు-రాజమండ్రి రోడ్డు కం రైలు వంతెన లాంటి చోట్ల. 1974లో మొదలైన ఆ వంతెన మీద కింద రైలు, పైన రోడ్డు కాబట్టి ఎక్కడం తప్పదు. అమలాపురం, నరసాపురం వైపు మధ్యాహ్నం వీచే సముద్రపు ఎదురుగాలి అంతకన్నా గడ్డు. వీటికి 21 గేర్లు అక్కర్లేదు. వెనక 18 పళ్ల ఫ్రీవీల్ తీసి 20 లేదా 22 పళ్లది వేయించుకుంటే చాలు. చైనుకు ఒకటి రెండు లింకులు కలపాల్సి రావచ్చు.

అసలు చాలాసార్లు బరువు గేర్లు లేక కాదు, మన అశ్రద్ధ వల్ల. టైర్లలో గాలి ఉందా? వానలో తడిసిన చైనును కిరసనాయిలుతో తుడిచి, లింకుకో చుక్క నూనె వేశామా? సీటు మీద కూర్చుని మడమను కింద పెడల్ మీద పెడితే కాలు నిటారుగా వస్తోందా? ఫ్రీవీల్ పళ్లు రంపంలా సూదిగా అరిగి చైను జారుతోందా? ఈ నాలుగూ చూసుకున్నాకే కొత్త సైకిలు మాట ఎత్తాలి.

మా మనవి పూర్వ విద్యార్థులైన అన్నలకు. ఈ వార్షికోత్సవానికి శాలువాలు, మెమెంటోలు మానేసి హాస్టల్‌కు ఒక పంపు, స్పానర్ల సెట్టు, పంక్చర్ సామాను, ఫ్రీవీల్ విప్పే పనిముట్టు ఇప్పించండి. ఆదివారం ఒక గంట మేమే నేర్చుకుంటాం, తమ్ముళ్లకు నేర్పుతాం.

మా మిత్రుణ్ణి వచ్చే సెలవుల తర్వాత వాళ్ల నాన్న పాత సైకిలు మళ్లీ తెచ్చుకోమన్నాం. వాడు వచ్చేసరికి నూనె డబ్బాతో గేటు దగ్గర ఉంటాం. ఈసారి మాత్రం నవ్వం.