అక్కడ ఏం పాటలు విన్నవ్?

గల్ఫ్ నుంచి వచ్చిన మనిషిని ఊళ్లో మొదట ఏమడుగుతారో జక్రాన్‌పల్లిలో ఏ పిల్లాడైనా చెబుతాడు. ‘ఏం తెచ్చినవ్?’ అని. ఆ తర్వాత ‘ఎన్ని రోజులుంటవ్?’, ‘మళ్ల ఎప్పుడు పోతవ్?’ వరసగా వస్తాయి. సెంటు సీసాలు, దుప్పట్లు, ఖర్జూరాలు, పిల్లలకి చాక్లెట్లు... సూట్‌కేసు ఖాళీ అయ్యేసరికి ప్రశ్నలూ అయిపోతాయి. ‘అక్కడ ఏం పాటలు విన్నవ్?’ అని మాత్రం ఎవరూ అడగరు.

అడిగి చూడండి. పదేళ్లు, పదిహేనేళ్లు పరాయి దేశంలో ఉండి వచ్చిన మనిషి నోరు విప్పడానికి అంతకన్నా తేలికైన ప్రశ్న దొరకదు. జీతమెంత, కష్టమెంత అంటే మాట దాటేసేవాళ్లు కూడా పాట అనగానే కుర్చీ కాస్త ముందుకు జరుపుకుంటారు.

నిజామాబాద్, కరీంనగర్ జిల్లాల వలస కథ మనకు కొత్తది కాదు. 1973లో చమురు ధరలు ఒక్కసారిగా పెరిగాయి. ఆ డబ్బుతో ఎడారి దేశాల్లో రోడ్లు, ఓడరేవులు, మేడలు లేచాయి. వాటిని కట్టడానికి మనుషులు కావాల్సి వచ్చారు. వాననీ బోరునీ నమ్ముకుని విసిగిపోయిన మన రైతుబిడ్డలు దుబాయ్, మస్కట్, కువైట్, సౌదీ బాట పట్టారు. అప్పులు, ఏజెంట్ల మోసాలు, పంపిన డబ్బు, కట్టిన ఇళ్లు... వీటి గురించి ఎంతో రాశారు, ఇంకా రాస్తున్నారు. ఆ మనుషులు అక్కడ పని దిగి వచ్చాక సాయంత్రం పూట ఏం విన్నారన్నది మాత్రం ఎవరి లెక్కలోకీ రాలేదు.

కొలంబో నుంచి వచ్చిన పాట

నిజానికి సముద్రం దాటి వచ్చిన పాటని నలుగురూ కూర్చుని వినడం మనకి గల్ఫ్‌తో మొదలైన అలవాటు కాదు. 1952లో కేంద్ర సమాచార శాఖ మంత్రి అయిన బి.వి.కేస్కర్‌కి సినిమా పాటలంటే గిట్టేది కాదు. ఆయన హయాంలో ఆకాశవాణిలో అవి దాదాపు బందయ్యాయి. అంతమాత్రాన పాట ఆగుతుందా? శ్రీలంక వెళ్లి అక్కడి నుంచి మన ఇంటికే వచ్చింది! అదే ఏడాది రేడియో సిలోన్‌లో అమీన్ సయానీ ‘బినాకా గీత్‌మాలా’ మొదలుపెట్టారు. షార్ట్‌వేవ్ తరంగాలు పైన ఆకాశంలోని ఒక పొరని తాకి మళ్లీ నేలకి దిగుతాయి. అందుకే కొలంబోలో వేసిన పాట వేల కిలోమీటర్ల అవతల కూడా వినిపించేది. మధ్యమధ్య గరగరలు, ఈలలు ఎలాగూ ఉండేవనుకోండి. చివరికి 1957 అక్టోబరు 3న ప్రభుత్వమే వివిధభారతి ప్రారంభించి సినిమా పాటని తిరిగి ఇంటికి పిలుచుకుంది.

అప్పట్లో రేడియో అందరిళ్లలో ఎక్కడిది? ఉన్నవాళ్ల అరుగు మీద లేనివాళ్లు చేరేవారు. కోరిన పాట కోసం కార్డు రాసి, తమ పేరు ఎప్పుడు చదువుతారా అని వారాల తరబడి ఎదురుచూసేవారు. జార్ఖండ్‌లోని ఝుమ్రీ తలైయా అనే చిన్న ఊరి పేరు దేశమంతటికీ తెలిసింది అలాంటి ఉత్తరాల వల్లే. ఎక్కడో ఉన్న ముక్కూమొహం తెలియని మనిషికీ మనకీ ఒకే పాట ఇష్టమని తెలిస్తే అదో ఆనందం.

పక్క మంచం పాట

ఈ అలవాటుతో పెరిగిన మనిషే గల్ఫ్ లేబర్ క్యాంపులో కాలు పెట్టాడు. అక్కడ గది అంటే మంచం మీద మంచం. పై మంచం కేరళ అతనిది కావచ్చు, ఎదుటి మంచం పెషావర్ డ్రైవర్‌ది కావచ్చు. ఇష్టమున్నా లేకపోయినా పక్కవాడి టేప్‌రికార్డర్‌లో మోగేదే తనూ వినాలి. మొదటి వారం ‘గిదేం పాటరా?’ అని చిరాకు. నెల తిరిగేసరికి తనే కూనిరాగం తీస్తుంటాడు!

నిజామాబాద్ బజార్లో ఉర్దూ వింటూ పెరిగినవాడికి మెహదీ హసన్ గజల్ సగం అర్థమవుతుంది. మిగతా సగం పక్క మంచం మనిషి చెబుతాడు. నుస్రత్ ఫతే అలీ ఖాన్ ఖవ్వాలీకి ఆ సాయం కూడా అక్కర్లేదు. మలయాళీల దగ్గర ఇంకో పాట ఉండేది. 1970ల్లో ఎస్.ఎ.జమీల్ రాసిన ‘దుబాయ్ కత్తు పాట్టు’. కత్తు అంటే ఉత్తరం. గల్ఫ్‌లో ఉన్న భర్తకి ఊళ్లో ఉన్న భార్య రాసుకున్న ఉత్తరమే ఆ పాట. మోర్తాడ్ మనిషికైనా మలప్పురం మనిషికైనా ఆ ఉత్తరం అర్థం కావడానికి నిఘంటువు ఎందుకు చెప్పండి?

ఇక అరబ్బీ పాటలు. 1992లో అల్జీరియా గాయకుడు ఖాలెద్ పాడిన ‘దీదీ’ మన దేశాన్ని కూడా ఊపేసింది. ఈజిప్టు గాయకుడు అమ్ర్ దియాబ్ పాట ‘తమల్లీ మఆక్’ 2000లో వచ్చింది. నాలుగేళ్లకి, 2004లో విడుదలైన హిందీ సినిమా ‘మర్డర్’లో ‘కహో నా కహో’గా అదే బాణీ మనందరికీ చేరింది. మనం కొత్త పాట అనుకుని మురిసిపోతుంటే, సెలవుకి వచ్చిన గల్ఫ్ మనిషి ‘అరె, గిది నేనెప్పుడో విన్న’ అన్నాడంటే అది గొప్పలు పోవడం కాదన్నమాట.

వన్స్ మోర్!

అరబ్బు దేశాల్లో కలిసి వినడమంటే ముందుగా చెప్పుకోవాల్సింది ఉమ్ కుల్సూమ్ గురించి. ఈజిప్టు గాయని. 1975 ఫిబ్రవరి 3న కన్నుమూశారు. ఆమె కచేరీ నెలలో మొదటి గురువారం రాత్రి కైరో రేడియోలో వచ్చేది. ఆ రాత్రి ఒక్క ఈజిప్టులోనే కాదు, అరబ్బు దేశాలన్నిటా కాఫీ దుకాణాల్లో, ఇళ్లలో జనం రేడియో చుట్టూ మూగేవారు. ఒక్కో పాట గంట సేపు సాగేది. పాట అంత పొడవని కాదు. ఓ చరణం బాగుందని సభలో కేకలు వేస్తే ఆమె దాన్నే మళ్లీ పాడేవారు, ఈసారి ఇంకో తీరులో. మళ్లీ కేకలు, మళ్లీ అదే చరణం. పాడేవాళ్లూ వినేవాళ్లూ కలిసి పొందే ఆ పరవశాన్ని అరబ్బీలో ‘తరబ్’ అంటారు.

ఇదెక్కడో విన్నట్టు లేదూ? మన పద్య నాటకాల్లో రాగం తీసి ముగించగానే జనం ‘వన్స్ మోర్’ అని అరవడం, నటుడు యుద్ధం మధ్యలోనైనా ఆగి పద్యం మళ్లీ ఎత్తుకోవడం అచ్చం ఇదే. మన జిల్లాలోనే, బోధన్ దగ్గరి అమ్దాపూర్‌లో బతికిన చిందుల ఎల్లమ్మ 2005లో చనిపోయేవరకూ చిందు భాగోతానికి పేరుగా నిలిచారు. రాత్రంతా సాగే ఆ భాగోతాన్ని చూసి పెరిగినవాడికి గంటసేపు సాగే అరబ్బీ పాట వింత కాదు. భాషే కొత్త.

పాట ఇటు మాత్రమే రాలేదు, అటూ పోయింది. బతుకమ్మ పండగనాడు దుబాయ్‌లోనూ కువైట్‌లోనూ మన ఆడపడుచులు చప్పట్లు చరుస్తూ తిరుగుతున్నారు. ఆ దరువు వినడానికి తెలుగు వచ్చి ఉండనక్కర్లేదు.

ఎవరి చెవి వాళ్లదే

ఇప్పుడు ఆ ఇబ్బందులేవీ లేవు. ప్రపంచంలోని పాటలన్నీ ఫోన్లో ఉన్నాయి. 2022లో పాకిస్తాన్ కోక్ స్టూడియో నుంచి వచ్చిన ‘పసూరీ’ మన పిల్లల నోళ్లలో నానడానికి ఎంత కాలం పట్టింది? మంచిదే. కానీ ఒకటి గమనించారా? ఇంట్లో నలుగురుంటే నాలుగు ఇయర్‌ఫోన్లు. నాన్న ఏం వింటున్నాడో కొడుక్కి తెలియదు, కూతురు ఏం వింటోందో అమ్మకి తెలియదు. పైగా ఫోను మనం నిన్న విన్న పాటని బట్టే ఇవాళ ఇంకోటి ఏరి పెడుతుంది. మనకి నచ్చేదే తెచ్చిస్తుంది. నచ్చదనుకున్నదాన్ని నచ్చేలా చేయడం పక్క మంచం మనిషికే చేతనవును. ‘ఆగు, ఇక్కడ విను’ అని చేయి పట్టుకుని ఆపేవాడు ఉంటేనే పరాయి పాట మన పాట అవుతుంది.

అందుకే ఈ ఆదివారం ఓ పని చేయండి. ఇంట్లో గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన నాన్నో, పెదనాన్నో, మేనమామో ఉంటే అక్కడ విన్న పాట ఒకటి చెప్పమనండి. పేరు గుర్తులేకపోతే కూనిరాగం చాలు, ఫోన్లో వెతకడం పిల్లలకి చిటికెలో పని. ఇయర్‌ఫోన్లు తీసేసి అందరూ కలిసి వినండి. ఆ పాట ఎవరి దగ్గర విన్నాడో, ఆ మనిషి ఇప్పుడెక్కడున్నాడో అడగండి. మీకు తెలియని ఆయన పదేళ్లు మెల్లగా బయటికొస్తాయి.

అటక మీద పాత క్యాసెట్లుంటే వాటినీ దింపండి. 1963లో ఫిలిప్స్ కంపెనీ ఇంజినీరు లూ ఒట్టెన్స్ బృందం తయారుచేసిన ఈ చిన్న డబ్బా చిరకాలం మన్నదు. లోపలి టేపు మీది పూత రాలిపోతుంది, తేమకి బూజు పడుతుంది. బూజు కనిపిస్తే వేయకండి, తెలిసినవాళ్లకి చూపించండి. బాగుంటే ముందు ఒకసారి చివరిదాకా, మళ్లీ మొదటికీ తిప్పండి. ప్లేయర్ హెడ్‌ని స్పిరిట్ అద్దిన దూదితో తుడవండి. క్యాసెట్ పై అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ రేకుల్ని విరిచేస్తే దాని మీద ఇంకేదీ పొరపాటున రికార్డు కాదు. ఆ తర్వాత వినిపిస్తూ ఫోన్లోకి ఎక్కించుకోండి.

ఒక వైపు విని ఆపేయకండి. ఫోన్లు లేని రోజుల్లో, ఉత్తరం రాయడం రానివాళ్లు క్యాసెట్‌లో మాటలు నింపి పంపేవారు. రెండో వైపు, ఏ ఖవ్వాలీ వెనకనో, మీ అవ్వ గొంతు ఉండొచ్చు.