నగరవాసమా, పట్టణవాసమా?

పరీక్షలు ముగిసి విద్యార్థులు పాఠశాలను విడుచు కాలమున తలిదండ్రులు మమ్ము తఱచుగా నడుగు ప్రశ్న యొకటి కలదు. పిల్లవానిని హైదరాబాదునకు పంపుట మేలా, ఇచ్చటనే యొక పనిలో నిలుపుట మేలా యని. కొందఱు కుటుంబముతోగూడ తరలిపోవ నుద్యుక్తు లగుచున్నారు. ఈ విషయమున మాకు తోచినదానిని దాచక చెప్పుదుము.

జీతమును మాత్రము చూచి నిర్ణయించుట పొరపాటని మా యభిప్రాయము. నగరమున జీత మెక్కువ, నిజమే. 1998లో సైబర్ టవర్సు తెఱవబడిన నాటినుండి మాధాపూరు, గచ్చిబౌలి ప్రాంతములు మన జిల్లాల పిల్లలను వేలకొలది పిలుచుకొనుచున్నవి. కాని అద్దెయు జీతమువెంటనే పరుగిడుచున్నది. ప్రభుత్వమువారే దీనిని గుర్తించిరి. కేంద్రప్రభుత్వోద్యోగుల యింటియద్దె భత్యమునకై ఊళ్లను మూడు తరగతులుగా విభజించి, హైదరాబాదును మొదటిదానిలోను, విజయవాడ, గుంటూరు, వరంగల్లులను రెండవదానిలోను, చిన్న యూళ్లను మూడవదానిలోను ఉంచిరి. 2024 జనవరి నుండి ఈ భత్యము మూలవేతనముపై వరుసగా నూటికి 30, 20, 10 చొప్పున నిర్ణయింపబడినది. 40,000 మూలవేతనము గలవానికి నగరమున 12,000, చిన్న యూర 4,000 రూపాయలన్నమాట. ఆ పండ్రెండువేలతో కచేరి దరిని నలుగురికి చాలిన యిల్లు దొరకునా యని అక్కడ కాపురమున్నవారి నడుగుడు. నవ్వుదురు. దొరకిన యిల్లు దూరమున నుండును. రానుపోను దినమునకు రెండు గంటలైనచో, 25 పనిదినములకు 50 గంటలు. అనగా నెలకు ఆఱు దినములకు పైగా జీతము లేక పనిచేసినట్లే. 2017లో మెట్రో రైలు వచ్చినది గాని, అది యెల్లవారి వీధి మొగమునకును రాదుగదా! అడ్వాన్సు, మెయింటెనెన్సు, వేసవిలో నీళ్ల ట్యాంకరు, వీనిని గూర్చి పండుగకు వచ్చిన పిల్లలు నోరెత్తరు.

2020 మార్చిలో దేశమంతయు మూతవడినప్పుడు మన యువకు లనేకులు కంప్యూటరులతో ఇల్లు చేరి, నగరపు పనిని అరుగుమీదనే చేసిరి. జీతము నగరముది, బియ్యము ఇంటివి. ఆ యేర్పాటు నిలుచునని తలంచి ఇచ్చట ఇండ్లు బాగుచేయించుకొన్నవారిని మే మెఱుగుదుము. పిమ్మట పెక్కు సంస్థలు వారిని తిరిగి పిలిచినవి. కావున ఆ యాశపై సంసారము కట్టరాదు.

అయితే పల్లెను స్వర్గముగా వర్ణించుటకు మేము సిద్ధముగా లేము. 1948 నవంబరు 4వ తేదీన రాజ్యాంగసభలో డాక్టరు అంబేద్కరుగారు గ్రామములను పొగడువారిని తీవ్రముగా ఖండించిరి. అందులకు కారణము మా విద్యార్థులలో అనేకుల తాతలు చక్కగా నెఱుగుదురు. ఊరిలో పేట పేరు చెప్పినంతనే మనుష్యుని తూచుదురు. నగరమున పనితనమును చూచి తూచువారు కొందఱైనను దొరకుదురు. (ఇల్లు అద్దెకిచ్చువారు అక్కడను కులమడుగుట కలదు, దీనిని మఱువరాదు.) ఆడపిల్లకు సొంత జీతము, సొంత నిర్ణయము ఇచ్చటి కంటె అచ్చట సులభముగా లభించుచున్నవి. అట్టివారికి అధికమైన అద్దె వృథావ్యయము కాదు, స్వాతంత్ర్యమునకిచ్చు వెల. ఆ వెల యిచ్చి పోవుదుమనువారిని మే మాపము.

ఇచ్చట దొరకు పనినే అచ్చట చేయుటకై పోవువారిని మాత్రము ఒక్క నిమిషము నిలువుడందుము. దుకాణమున లెక్కలు వ్రాయుట, వైద్యశాలలో నర్సుపని, బడిలో చదువు చెప్పుట, కరెంటు పని, ఇవి విజయవాడ, గుంటూరు, కాకినాడలలోను కలవు. జీతము కొంత తగ్గును గాని, తల్లికి జ్వరము వచ్చినప్పుడు రాత్రిబస్సు టిక్కెట్టు వెదకనక్కఱలేదు. వృత్తి నేర్చుటకు అయిదేండ్లు నగరమున నుండి పిదప వచ్చుటయు మంచి మార్గమే. కాని అప్పుచేసి అచ్చట ఫ్లాటు కొన్నవాడు వాయిదాలు తీఱువఱకు కదలజాలడు. మొదటి జీతముతోనే ఆ పనికి తొందరపడవలదని గట్టిగా చెప్పుచున్నాము.

ఈ యేడు పాతవిద్యార్థుల కూటమునకు వచ్చువారు తమ నెలజీతమును మాత్రమేగాక, అద్దె, ప్రయాణపు ఖర్చు, ఇంటికి పంపిన సొమ్ము, చేత మిగిలిన సొమ్ము ఒక కాగితముపై వ్రాసి తేవలెనని కోరుచున్నాము. పేరు వ్రాయ నక్కఱలేదు. పదవతరగతి పిల్లలకు వానిని చదివి వినిపింతుము.