చెరువులలో గుర్రపుడెక్క

సంపాదకులు గారికి,



హోసూరు తాలూకాలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు రైతు కుటుంబాలలో మాది ఒకటి. మా ఊరి చెరువు విషయమై కొన్ని సంగతులు తమ పత్రిక ద్వారా మనవి చేసుకోగోరుతున్నాను. ఇది మా ఒక్క ఊరి గొడవే అయితే తమ విలువైన స్థలాన్ని ఆక్రమించేవాడిని కాను. బెంగుళూరు మొదలు కృష్ణగిరి దాకా అనేక చెరువుల గతి ఇదే.

నా చిన్ననాట మా చెరువులో నాలుగు తెగల మొక్కలుండేవి. ఒడ్డున జమ్ము, తుంగ, కొంచెం లోతులో, వేళ్ళు బురదలోను ఆకులు నీటిపైన ఉండే తామర, కలువ, అడుగున నాచు, అక్కడక్కడ తేలుతూ అంతరతామర. ఒక్కొక్కదానికి ఒక్కొక్క పని. అలల దెబ్బను జమ్ము తాను భరించి కట్టను కాచేది. నాచు పగటివేళ నీటిలోకి ప్రాణవాయువును విడిచేది. చేపపిల్లలు దాని చాటున పెరిగేవి. తామరాకులమీద నీటికోళ్ళు తిరిగేవి. ఊరివారికి జమ్ముతో చాపలు, తామరాకులతో విస్తళ్ళు దొరికేవి.

నేడు అదే చెరువులో ఒకే మొక్క కనిపిస్తున్నది. మనం గుర్రపుడెక్క అంటాము. తమిళులు ఆగాయత్తామరై అంటారు, కన్నడిగులు అంతరగంగె అంటారు. పేర్లు వింటే ఏదో దివినుండి దిగివచ్చిన పుష్పమనిపిస్తుంది. నిజానికి ఇది దక్షిణ అమెరికా మొక్క. దీని పువ్వు అందానికి ముచ్చటపడి 19వ శతాబ్ది చివర బెంగాలుకు తెచ్చారు. కాలువలూ, వరిచేలూ నిండిపోగా, 1936లో ఆ రాష్ట్రంలో దీని నిర్మూలనకై ప్రత్యేకంగా ఒక చట్టమే చేయవలసివచ్చింది.

వాతావరణం, ఎరువు అనుకూలిస్తే ఈ మొక్క సుమారు రెండు వారాలలో రెట్టింపవుతుంది. దీని విత్తనాలు బురదలో ఏళ్ళ తరబడి చావక పడి ఉంటాయి. నీటిపైన చాపవలె అల్లుకొని ఎండను లోపలికి పోనీయదు. ఎండ లేక నాచు చస్తుంది. చచ్చినది కుళ్ళుతూ నీటిలో మిగిలిన ప్రాణవాయువును కూడా హరిస్తుంది. తరువాత చేపలు చస్తాయి. చివరకు మిగిలేవి దోమలు.

ఇంత బలం దీనికెక్కడిది? మన మురుగునీటిలోనిదే. నత్రజని, భాస్వరము పైరుకు ఎట్లా ఎరువో దీనికీ అట్లాగే. బెంగుళూరులో బెళ్ళందూరు చెరువు 2015లో నురుగులు కక్కటం, 2017లోను 2018లోను నిప్పంటుకొని పొగలు చిమ్మటం పత్రికలలో అందరూ చూచినదే. ఆ నీరు వర్తూరు చెరువుమీదుగా దక్షిణ పినాకినిలో కలసి, మా హోసూరు పక్కన కెలవరపల్లి జలాశయానికి చేరుతుంది. అక్కడా నురుగు పలుమార్లు కనబడింది. మా ఊరి చెరువుకు బెంగుళూరు నీరు రాదు. అయినా కొత్తగా వెలసిన ఇండ్ల మురుగంతా వాగులోబడి అందులోకే వస్తున్నది. కనుక పొరుగు రాష్ట్రాన్ని నిందించి ఊరకుండే హక్కు మాకు లేదు.

పోయిన వేసవిలో సంబంధిత శాఖవారు గుత్తేదారుచేత చెరువు శుభ్రం చేయించారు. పెద్ద యంత్రం వచ్చింది. గుర్రపుడెక్కతోపాటు జమ్ము, తామర, కలువ, సమస్తం పెరికివేసింది. పెరికిన రాశిని కట్టమీదనే పోశారు. మొదటి వానకే సగం తిరిగి చెరువులోకి జారింది. మూడు నెలలలో గుర్రపుడెక్క మళ్ళీ నిండింది. తామర మాత్రం రాలేదు. అడ్డులేక అలలు కొట్టి కట్ట ఒకచోట కోసుకొనిపోయింది. తూము ముందు చెత్త అడ్డుపడి, చివరి చేలకు తడి అందలేదు. ఈ ఏడు కూడా అదే పని అదే తీరున చేయిస్తారని వింటున్నాము. భయమంతా అందుకే.

మందు చల్లితే ఒక్క వారంలో పోతుంది గదా అని కొందరంటున్నారు. పోయేమాట నిజమే. కాని చచ్చిన మొక్క చెరువులోనే కుళ్ళుతుంది. దాని ఎరువు మళ్ళీ ఆ నీటికే దక్కుతుంది. ఇక పురుగులను విడిచే పద్ధతి ఒకటి ఉన్నది. 1983-84లో బెంగుళూరులోని ఒక కలువకొలనును సాల్వీనియా అనే తేలుడు మొక్క కప్పివేయగా, దానినే తిని బ్రతికే ఒక జాతి ముక్కుపురుగును శాస్త్రజ్ఞులు విడిచారు. ఏడాది తిరగకముందే ఆ కలుపు నశించి కలువలు మళ్ళీ లేచాయి. గుర్రపుడెక్కకూ అటువంటి పురుగులను 1980లలో మన దేశానికి తెప్పించారు. అయితే మురుగు ధారగా వచ్చేచోట పురుగు తినే వేగంకంటే మొక్క పెరిగే వేగమే ఎక్కువ. కావున మురుగు ఆపనిదే ఏ ఉపాయమూ నిలువదు.

అధికారులకు మా మనవులు నాలుగు. మొదటిది, వాగులోకి మురుగు రాకుండా కట్టడి చేయాలి. శుద్ధిచేసిన తరువాతనే వదలాలి. రెండవది, గుత్త కాగితంలో గుర్రపుడెక్క మాత్రమే తీయాలని, జమ్ము తామరలను ముట్టరాదని స్పష్టంగా వ్రాయాలి. మూడవది, పూతకు రాకముందే తీసి, కట్టకు దూరంగా ఎండబెట్టాలి. ఇందులో నూటికి తొంబైపాళ్ళకు పైగా నీరే గనుక ఎండితే మోత తగ్గుతుంది. మురుగులో పెరిగినదానిని పరీక్ష చేయించకుండా పశువులకు వేయరాదు. నాలుగవది, వాగు చెరువులో కలిసేచోట జమ్మును మళ్ళీ నాటించాలి.

ఊరివారి వంతూ ఉన్నది. పూర్వం కుడిమరామత్తు అని ఇంటికొకరు వెళ్ళి చెరువు పని చేసేవారు. నీరుగంటి మాటకు విలువుండేది. యంత్రం వెళ్ళిపోయిన తరువాత తిరిగి మొలిచే పిల్లమొక్కలను నెలకొక పూట ఏరివేయటం పదిమంది చేతిపనే. మా వీధివారము కొందరము ఇందుకు సిద్ధంగా ఉన్నాము.

ఈశాన్య ఋతుపవనాలు రాకముందే శాఖవారు ఒక్కసారి వచ్చి, కట్టమీద నిలబడి, మా ఆయకట్టుదారులతో మాట్లాడి, ఆ పిమ్మట గుత్త ఖరారు చేయవలసినదిగా ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
ఒక ఆయకట్టుదారు,
హోసూరు తాలూకా