వేట పాడ్‌కాస్టు పెడతారా? పెట్టండి, కానీ లోయ పేరు చెప్పకండి

అమెరికాలో మైకు కొనుక్కున్న ప్రతివాడికీ ఒక పాడ్‌కాస్టు ఉంది. స్టాక్ మార్కెట్ మీద, పిల్లల పెంపకం మీద, చివరికి పాడ్‌కాస్టు ఎలా మొదలెట్టాలి అన్నదాని మీద కూడా. ఇప్పుడింకొకరు వచ్చి పబ్లిక్ ల్యాండ్‌లో పెద్ద జంతువుల వేట గురించి మొదలెడతాం అంటే నాకేం అభ్యంతరం లేదు, మంచిదే. నా గొడవల్లా ఒక్కటే. వీటిలో చాలామంది ఏ యూనిట్, ఏ లోయ, ఏ వాగు పక్కన ఎల్క్ మంద ఉందో విడమరిచి చెప్పేసి, దానికి "ఇన్ఫర్మేషన్ షేరింగ్" అని పేరు పెడుతున్నారు. అది షేరింగ్ కాదండీ. ప్రొడక్షన్ పాస్‌వర్డు తీసుకెళ్ళి పబ్లిక్ రిపాజిటరీలో పెట్టడం.

దానికంటే ముందు ఇంకొకళ్ళ సంగతి చూడాలి. "ఛీ ఛీ, వేటేమిటండీ, హింస!" అనే మనవాళ్ళు. శనివారం మానేసి ఆదివారం పొద్దున్నే కిలో చికెన్ తెచ్చుకుని బిర్యానీ వండుకునే బ్యాచ్ అన్నమాట. షెడ్డులో పుట్టి, నలభై రోజులు ఆకాశం చూడకుండా బతికి, ప్లాస్టిక్ కవర్లో వచ్చిన కోడికి లేని హింస, కొండ మీద స్వేచ్ఛగా తిరిగిన ఎల్క్‌కి ఎక్కడినుంచి వచ్చిందో నాకర్థం కాదు. పూర్తి శాకాహారులు అంటే ఒప్పుకుంటాను, వాళ్ళకా మాట అనే హక్కుంది. మిగతావాళ్ళకి లేదు. వేటమాంసం శివుడికి నైవేద్యం పెట్టిన తిన్నడికి కాళహస్తి కొండ మీద గుడి కట్టుకున్నవాళ్ళం మనం!

ఇండియాలో 1972 చట్టంతో వేట ఆపేశారు, అక్కడి పరిస్థితికి అదే సరైంది. ఇక్కడి కథ వేరు. మార్కెట్లో అమ్ముకోవడానికి అడ్డూ అదుపూ లేకుండా కాల్చేయడం వల్ల 1900 ప్రాంతానికి అమెరికాలో ఎల్క్‌ల సంఖ్య లక్ష లోపుకి పడిపోయింది. ఇప్పుడు దాదాపు పది లక్షలు. మధ్యలో జరిగిందేమిటంటే, వేటమాంసం అమ్మకం ఆగింది, లైసెన్సులు వచ్చాయి. 1937లో పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం వచ్చి తుపాకులు, తూటాల మీద వేసే ఎక్సైజు పన్నుని (రైఫిళ్ళకి 11 శాతం) రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకి మళ్ళించింది. ఆ పన్ను కట్టేవాళ్ళందరూ వేటగాళ్ళే కాదు, ఊరికే గురిచూసి కాల్చే సరదా ఉన్నవాళ్ళు కూడా ఉన్నారు, ఆ మాట దాచక్కర్లేదు. కానీ లైసెన్సు ఫీజులు మాత్రం వేటగాళ్ళవే. మనం ఫాల్ కలర్స్ ఫోటోలకి వెళ్ళినప్పుడు రోడ్డు పక్కన కనిపించే జింక ఊరికే రాలేదు.

సరే, అసలు విషయానికొద్దాం.

అమెరికాలో ఫెడరల్ ప్రభుత్వ భూమి దాదాపు 64 కోట్ల ఎకరాలు. అందులో బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ చేతిలో ఉన్నదే 24 కోట్ల పైన. మన రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపితే ఏడు కోట్ల ఎకరాలకి కాస్త తక్కువ, దాన్నిబట్టి లెక్కేసుకోండి. దీంట్లో చాలాభాగంలో మీరు ఎవర్నీ అడక్కుండా నడవొచ్చు, టెంటు వేసుకోవచ్చు, లైసెన్సు ఉంటే వేటాడొచ్చు. పోరంబోకు అనగానే ఎవడి కబ్జాలో ఉందో అని ఆలోచించే మనకి ఇది నమ్మశక్యం కాని విషయం.

వేట లైసెన్సులకి లాటరీ ఉంటుంది. మంచి యూనిట్ కావాలంటే ఏళ్ళ తరబడి పాయింట్లు కూడబెట్టుకోవాలి. కొలరాడోలో బయటి రాష్ట్రాల విల్లు వేటగాళ్ళకి ఎల్క్ లైసెన్సు కౌంటర్లో దొరికేది, 2025 నుంచి దానికీ లాటరీయే పెట్టారు. మన భాషలో చెప్పాలంటే రేట్ లిమిటింగ్. కానీ ఆ లిమిట్ యూనిట్ మొత్తానికి. యూనిట్ అంటే వందల చదరపు మైళ్ళు. మీరు మైకు ముందు కూర్చుని "ఫలానా లోయలో మూడో మలుపు దాటాక" అన్నారనుకోండి, రావలసిన ట్రాఫిక్ అంతా ఒకే సర్వర్ మీద పడుతుంది. ఎల్క్‌లేం పిచ్చివి కాదు. మనుషుల ఒత్తిడి ఎక్కువైతే పక్కనున్న ప్రైవేటు ర్యాంచిలోకి వెళ్ళి కూర్చుంటాయి. అక్కడ వేటాడాలంటే వేల డాలర్లు కట్టాలి. అంటే పబ్లిక్ ల్యాండ్ ప్రేమికుడిగా మొదలెట్టి డబ్బున్నవాడికి మందని తోలిపెట్టినట్టు :)

"అందరి భూమి అయినప్పుడు రహస్యం ఎందుకు? తాతల నుంచి వేటాడే కుటుంబాలకే తెలియాలా?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మా ఆఫీసులో ఒకాయన, నలభై దాటాక వేట మొదలుపెట్టాడు, నేర్పేవాడు లేడు. మొదటి ఏడాది తొమ్మిది రోజులు తిరిగి ఎల్క్ వాసన తప్ప ఏమీ చూడకుండా వచ్చాడు. అలాంటివాడికి పాడ్‌కాస్టు నిజంగా పనికొస్తుంది. కాకపోతే పాఠం చెప్పడం వేరు, కొశ్చన్ పేపర్ లీక్ చేయడం వేరు. మ్యాపు ఎలా చదవాలి, ఎండ ఎక్కినప్పుడు ఉత్తరం వైపు వాలులో చెట్ల నీడకి ఎందుకు చేరతాయి, పొద్దుటి గాలికీ మధ్యాహ్నపు గాలికీ దిశ ఎలా మారుతుంది, ఎముకలు తీసేశాక కూడా దగ్గరదగ్గర 90 కిలోలుండే మాంసాన్ని పాడవకుండా కిందికి ఎలా మోసుకురావాలి... ఇవి చెప్పండి. లోయ వాడే వెతుక్కుంటాడు. మోంటానాలో ఉండే రాండీ న్యూబర్గ్ వృత్తిరీత్యా అకౌంటెంటు, పబ్లిక్ ల్యాండ్ వేట గురించే ఏళ్ళుగా చెబుతున్నాడు. జనం వింటున్నారు కదా!

ఇంకా చెప్పడానికి బోలెడుంది. వయోమింగ్ మూల దాటే కేసు గురించి ఎంతమందికి తెలుసు? పందొమ్మిదో శతాబ్దంలో రైలు కంపెనీలకి చదరపు మైలు విడిచి చదరపు మైలు భూమి ఇచ్చుకుంటూ పోయారు. చదరంగం బల్లలాగా ఒక గడి ప్రైవేటు, ఒక గడి ప్రభుత్వానిది. ప్రభుత్వ గడి నుంచి ప్రభుత్వ గడికి వెళ్ళాలంటే నాలుగూ కలిసే మూల మీదుగా అడుగు వెయ్యాలి. 2021లో మిస్సోరీ నుంచి వచ్చిన నలుగురు వేటగాళ్ళు ఎల్క్ మౌంటెన్ దగ్గర ఆ మూల మీద నిచ్చెన వేసుకుని, ప్రైవేటు నేలకి కాలు తగలకుండా దాటారు. మా గాలిలోంచి వెళ్ళారు అని ర్యాంచి వాళ్ళు కేసు పెట్టారు, లక్షలాది డాలర్ల నష్టం లెక్క చూపించారు. 2022లో జ్యూరీ క్రిమినల్ కేసు కొట్టేసింది. 2025 మార్చిలో పదో సర్క్యూట్ అప్పీలు కోర్టు, 1885 నాటి చట్టాన్ని చూపించి, సివిల్ కేసులో కూడా వేటగాళ్ళ వైపే తీర్పిచ్చింది. అక్టోబరులో సుప్రీంకోర్టు కేసు వినడానికి ఒప్పుకోలేదు. ఆ తీర్పు ఆరు రాష్ట్రాలకే. పడమటి రాష్ట్రాలన్నిట్లో ఇలా మూలల వెనక చిక్కుకున్న భూమి 83 లక్షల ఎకరాలని ఒక మ్యాపుల కంపెనీ 2022లో లెక్క కట్టింది. మోంటానాలో ఇంకా తేలలేదు. ఇది ఒక్కటే పది ఎపిసోడ్లు అవుతుంది.

2025 జూన్‌లో యూటా సెనేటర్ మైక్ లీ, 20 నుంచి 30 లక్షల ఎకరాల పబ్లిక్ ల్యాండ్ అమ్మేయాలని బడ్జెట్ బిల్లులో పెట్టాడు. ఆ నెలాఖరుకే వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఎందుకంటే ఎదురు తిరిగినవాళ్ళలో పర్యావరణవాదులే కాదు, ఆయన పార్టీకి ఓటేసే వేటగాళ్ళూ ఉన్నారు. 2017లో ఛాఫెట్జ్ బిల్లుకీ ఇదే గతి పట్టింది. ఆ రెండుసార్లూ గోల చేసినవాళ్ళలో వేట పాడ్‌కాస్టుల వాళ్ళూ ఉన్నారు. 2025 మార్చి నెలాఖరున మన కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల మీదకి బుల్‌డోజర్లు వెళితే ఆపింది విద్యార్థులు, కోర్టు. ఐటీ పార్కులు వస్తాయన్నారు కాబట్టి మన ఐటీ వాళ్ళం చాలామందిమి నోరు విప్పలేదు.

(హెచ్1బీ మీదున్నవాళ్ళకి ఒక మాట. వలసేతర వీసా మీద తుపాకీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. అయినా సరే స్నేహితుడి మాట విని ముట్టుకోకండి, లాయర్ని అడగండి. ఎపిసోడ్‌లో ఈ ముక్క కూడా చెబితే పుణ్యం.)

ఇవన్నీ వదిలేసి బైనాక్యులర్ కంపెనీ స్పాన్సర్‌షిప్ కోసం కొమ్ముల అంగుళాలు కొలుస్తూ, చివర్లో లొకేషన్ చెప్పేవాళ్ళకి నా సమయం ఇవ్వను. లోయ పేరు లేకుండా గంటసేపు వినబుద్ధయ్యేలా మాట్లాడగలిగినవాళ్ళు ఎవరైనా ఉంటే, మొదటి మూడు ఎపిసోడ్లకి ఆడియో ఎడిటింగ్ నేను ఊరికే చేసిపెడతాను. వేటమాంసం అమ్మకూడదు గానీ, ఇవ్వకూడదని ఎక్కడా లేదు :)